ఐదు వేల లోపు చేతివాటం: శిక్ష తేలికైంది, మరి కొలువు?

బల్లార్షా కాగితం మిల్లు, ఘుగ్గుస్, రాజురా చుట్టుపక్కల బొగ్గు గనులు, గడ్‌చాందూర్ వైపు సిమెంటు కార్ఖానాలు, చంద్రాపూర్ ఊరి పక్కనే 2,920 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రం. వీటిని నమ్ముకుని ఆదిలాబాద్, కరీంనగర్ ప్రాంతాల నుంచి వెళ్ళి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు తరాలుగా చంద్రాపూర్ జిల్లాలో ఉన్నాయి. రాజురా అయితే 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో భాగం. ఇక్కడి ఇళ్ళలో కొలువంటే నెల జీతం ఒక్కటే కాదు. క్వార్టరు, వైద్యం, పిల్లల చదువు, ఊళ్ళో పరపతి అన్నీ దానికే ముడిపడి ఉంటాయి.

పద్దెనిమిదేళ్ళు దాటిన మనిషి ఏ మార్ట్‌లోనో సరుకు బిల్లు వేయించకుండా తీసుకెళ్తూ దొరికిపోతే ఆ తర్వాత ఏమవుతుంది? ఇలాంటి ఇళ్ళలో ఎవరూ బయటికి చెప్పుకోని ప్రశ్న ఇది. చట్టాల పాఠం, సుప్రీంకోర్టు తీర్పులు, విదేశాల్లో జరిగిన కొన్ని అధ్యయనాలు పక్కపక్కన పెట్టుకుని దీనికి జవాబు వెతకడమే ఈ వ్యాసం పని. దొంగతనం తప్పే, సందేహం లేదు. ఆ తప్పుకు చట్టం వేసే వెల ఎంత, చట్టంతో నిమిత్తం లేకుండా మనిషి చెల్లించే వెల ఎంత అన్నది తేల్చుకోవాలి. ఆధారాలన్నీ చూశాక నాకు తోచింది ఇది: 2024 నుంచి అమల్లో ఉన్న కొత్త శిక్షాస్మృతి మొదటిసారి చేసిన చిన్న దొంగతనానికి శిక్షను తగ్గించింది గానీ, దోషి అన్న ముద్రను అలాగే ఉంచింది. కొలువు పోయేది ఆ ముద్ర వల్లే.

రెండు సెక్షన్ల మధ్య

షాప్‌లిఫ్టింగ్ అనే పేరుతో మన చట్టంలో విడిగా నేరం లేదు. అది దొంగతనంలో ఒక రకం, అంతే. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో దొంగతనం సెక్షన్ 303. ఒకరి స్వాధీనంలో ఉన్న వస్తువును వాళ్ళ సమ్మతి లేకుండా, కాజేయాలన్న ఉద్దేశంతో కదిలించినా చాలు, నేరం పూర్తయినట్టే. అయితే మార్ట్‌లో సరుకు తీసి బుట్టలో వేసుకోమని దుకాణమే పిలుస్తుంది. కాబట్టి కదిలించడం ఒక్కటే నేరాన్ని రుజువు చేయదు, దురుద్దేశం కనబడాలి. నెయ్యి ప్యాకెట్టు బుట్టలో ఉంటే ఒక లెక్క, చీర కుచ్చిళ్ళలో ఉంటే మరో లెక్క. బిల్లు కౌంటరు దాటిన తర్వాత చేతి సంచి అడుగున దొరికితే ఇంకో లెక్క. పసిపిల్ల ఏడుస్తుంటే ఎత్తుకుని మరిచిపోయి బయటికొచ్చిన తల్లికి దురుద్దేశం అంటగట్టడం కుదరదు.

సెక్షన్ 303(2) ప్రకారం శిక్ష మూడేళ్ళ వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. రెండోసారి దోషిగా తేలితే ఏడాదికి తగ్గకుండా ఐదేళ్ళ వరకు కఠిన కారాగారం, పైన జరిమానా. కొత్తదనమంతా దాని కిందున్న మినహాయింపులో ఉంది. సొత్తు విలువ 5,000 రూపాయల లోపు ఉండి, ఆ మనిషి దోషిగా తేలడం అదే మొదటిసారి అయి, వస్తువును గానీ దాని విలువను గానీ తిరిగి ఇచ్చేస్తే, శిక్ష సమాజ సేవ. కోర్టు చెప్పిన పనిని, జనానికి ఉపయోగపడే పనిని, కూలి లేకుండా చేయాలి. 1860 నాటి పాత శిక్షాస్మృతిలో సమాజ సేవ అనే శిక్షే లేదు. కొత్త సంహితలో ఆరు నేరాలకు దాన్ని పెట్టారు, చిన్న దొంగతనం వాటిలో ఒకటి.

విచారణ విధానం చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత మొదటి షెడ్యూలులోనూ దీనికి తగ్గ మార్పు జరిగింది. మామూలు దొంగతనంలో పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు, బెయిలు హక్కు కాదు. 5,000 లోపు దొంగతనానికి మాత్రం అది తలకిందులు: పోలీసులు తమంతట తాము దర్యాప్తు మొదలుపెట్టడానికి లేదు, బెయిలు హక్కుగా దొరుకుతుంది. మహారాష్ట్ర స్టేషన్లలో ఇలాంటి కేసును ఎన్‌సీ (నాన్-కాగ్నిజబుల్) అంటారు. ఫిర్యాదు పుస్తకంలో రాసుకుని, ఫిర్యాదుదారును మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళమంటారు. మేజిస్ట్రేటు ఆదేశం వచ్చేదాకా దర్యాప్తు లేదు.

ఇంతవరకు చదివినవాళ్ళకు వ్యవహారం తేలిగ్గా కనిపిస్తుంది. చిక్కు రెండు సెక్షన్ల అవతల ఉంది. సెక్షన్ 305(ఎ) ప్రకారం, మనుషులు నివసించే భవనంలో గానీ, సొత్తు భద్రపరచడానికి వాడే భవనంలో గానీ జరిగిన దొంగతనానికి ఏడేళ్ళ వరకు జైలు, జరిమానా. ఇది పాత సెక్షన్ 380కి వారసురాలు. దుకాణం సొత్తు భద్రపరిచే భవనమే అని వాదించడానికి ఆ మాటల్లో చోటుంది. ఆ వాదన నిలిచిందంటే ఐదు వేల పరిమితి, సమాజ సేవ, ఎన్‌సీ అన్నీ పక్కకు పోతాయి, ఎందుకంటే ఆ మినహాయింపు 303(2)కే అంటిపెట్టుకుని ఉంది, 305 కింద అలాంటిది ఏదీ లేదు. మూడు వందల రూపాయల షాంపూ సీసా, అదే మనిషి, అదే దుకాణం. కాగితం మీద 303 అని పడితే బెయిలు హక్కు, 305 అని పడితే లాకప్ దాకా పోవచ్చు.

చట్టం చేసినవాళ్ళు ఉద్దేశించింది ఇది కాదని నా నమ్మకం. 5,000 లోపు దొంగతనాల్లో దుకాణంలో జరిగేవే ఎక్కువ ఉంటాయని ఊహించడం కష్టం కాదు, వాటినే మినహాయింపు నుంచి తప్పించాలని ఎవరూ అనుకుని ఉండరు. పెద్ద సెక్షన్ ప్రత్యేకమైనది కాబట్టి అదే వర్తిస్తుందన్న వాదనకూ బలం లేకపోలేదు. అందుకే స్టేషన్‌లో పడే మొదటి అంకె ఎంతో ముఖ్యం. వకీలు ఎవరైనా ముందు అడగాల్సింది, ఏ సెక్షన్ రాశారు, విలువ ఎంత వేశారు అని. సరుకు విలువ బిల్లు ప్రకారమే వేయాలి. గతంలో పోయిన సరుకంతా కలిపి ఈ మనిషి నెత్తిన వేసి ఐదు వేలు దాటించే ప్రయత్నం జరిగితే, దొరికిన వస్తువుల జాబితా, పంచనామా చూపించి అభ్యంతరం చెప్పాలి.

దుకాణం వెనక గది

చాలా సంగతులు స్టేషన్ దాకా రావు, దుకాణం వెనక గదిలోనే తేలిపోతాయి. గార్డు చెయ్యి పట్టుకుంటాడు, మేనేజరు వస్తాడు, తెల్ల కాగితం, పెన్ను ముందు పెడతారు. తప్పు చేశానని రాసి సంతకం పెట్టు, పదింతలు కట్టు, లేదంటే పోలీసులను పిలుస్తాం, నీ ఫోటో గోడకు అంటిస్తాం అంటారు.

దుకాణానికి తన సరుకు తాను కాపాడుకునే హక్కుంది. ఆత్మరక్షణ హక్కు ఒంటికే కాదు, సొత్తుకూ వర్తిస్తుంది. అవసరమైనంత మేరకు అడ్డగించి వస్తువు వెనక్కి తీసుకోవచ్చు. మామూలు పౌరుడు కూడా ఒకరిని పట్టుకోవచ్చని సురక్షా సంహిత సెక్షన్ 40 చెబుతోంది, అయితే రెండు షరతులు పెట్టింది. కళ్ళెదుట జరిగిన నేరం పోలీసులు నేరుగా అరెస్టు చేయదగినదీ, బెయిలు హక్కు లేనిదీ అయి ఉండాలి. పట్టుకున్నాక ఆలస్యం లేకుండా, ఎంత ఆలస్యమైనా ఆరు గంటల లోపు, పోలీసులకు అప్పగించాలి. ఆరు గంటల గడువు కొత్త చట్టం తెచ్చినది. మొదటి షరతును 5,000 లోపు దొంగతనానికి పెట్టి చూస్తే, గార్డుకు అరెస్టు చేసే అధికారమే సందేహంలో పడుతుంది. ఇక గంటల తరబడి గదిలో కూర్చోబెడితే అది అక్రమ నిర్బంధం (సెక్షన్ 127), చెయ్యి చేసుకుంటే సెక్షన్ 115, పరువు తీస్తామని బెదిరించి డబ్బు గుంజితే బలవంతపు వసూలు (సెక్షన్ 308). పదింతలు కట్టించుకునే అధికారం ఏ చట్టమూ ఏ దుకాణానికీ ఇవ్వలేదు. దుకాణం అడగదగింది తన సరుకు, లేదా దాని ధర.

ఇదేదో పుస్తకంలో మాటలా అనిపిస్తే అట్టప్పాడిని గుర్తు చేసుకోవాలి. 2018 ఫిబ్రవరిలో కేరళలోని ఆ కొండ ప్రాంతంలో, దుకాణాల్లో తిండి సామాన్లు దొంగిలించాడన్న అనుమానంతో ఒక ఆదివాసీ యువకుణ్ణి జనం పట్టుకుని, చేతులు కట్టేసి కొట్టారు. అతను చనిపోయాడు. 2023లో ప్రత్యేక కోర్టు 14 మందిని దోషులుగా తేల్చింది. గోండులు, కొలాములు ఉన్న చంద్రాపూర్ జిల్లాలో దుకాణాలవాళ్ళు, సెక్యూరిటీ ఏజెన్సీలవాళ్ళు తెలుసుకుని ఉండాల్సిన కేసు ఇది.

వెనక గదిలో రాయించుకున్న ఆ కాగితం సంగతి కూడా చూడాలి. పోలీసులకు ఇచ్చిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదు, అది భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 23. మేనేజరుకు రాసిచ్చినదానికి ఆ నిషేధం లేదు. బెదిరించి రాయించారని చూపించగలిగితే దాని బలం తగ్గుతుంది, అయినా కాగితం మాత్రం ఉండిపోతుంది. కోర్టులో నిలవకపోయినా యజమాని బల్ల మీదికి చేరితే చాలు, ఎందుకంటే శాఖాపరమైన విచారణలో కోర్టు స్థాయి రుజువు అక్కర్లేదు. సరుకు ఇచ్చేసి, ధర కట్టి, కట్టిన డబ్బుకు బిల్లు తీసుకోవడం వేరు. చదవని మరాఠీ కాగితం మీద, అందులోనూ ఖాళీ కాగితం మీద, సంతకం పెట్టడం వేరు.

స్టేషన్, భాష

ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో అరెస్టు యాంత్రికంగా జరగకూడదని 2014లో అర్నేష్ కుమార్ తీర్పు చెప్పింది. ఏడేళ్ళ వరకు శిక్ష ఉన్నవీ అందులోకే వస్తాయి కాబట్టి 305 కింద కేసు పెట్టినా ఈ రక్షణ ఉంటుంది. అరెస్టు అవసరం లేదనుకుంటే సురక్షా సంహిత సెక్షన్ 35(3) కింద హాజరు కావాలని నోటీసు ఇవ్వాలి, అవసరమనుకుంటే కారణాలు రాయాలి. నోటీసు అందుకున్నవాళ్ళు చెప్పిన రోజున హాజరైతే అరెస్టు మామూలుగా జరగదు. భయపడి సరిహద్దు దాటి బంధువుల ఊరికి పోయినవాళ్ళు ఈ రక్షణను చేజేతులా పోగొట్టుకుంటారు. ఆడవాళ్ళను సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు అరెస్టు చేయకూడదు. అసాధారణ పరిస్థితి ఉంటే మహిళా అధికారి ముందుగా మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి. ఒళ్ళు సోదా చేయాల్సి వస్తే మరో మహిళే చేయాలి.

చంద్రాపూర్ తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా పనికొచ్చేది 2025 నవంబరు 6న వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు. ముంబై వర్లీలో జరిగిన ఒక కారు ప్రమాదం కేసులో అది వచ్చింది. అరెస్టుకు కారణాలను అరెస్టయిన మనిషికి అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఇవ్వాలని, ఏ నేరానికైనా ఇదే నియమమని కోర్టు తేల్చింది. అక్కడికక్కడ రాసివ్వడం సాధ్యం కాకపోతే ముందు నోటితో చెప్పి, రిమాండుకు హాజరుపరచడానికి కనీసం రెండు గంటల ముందు రాసివ్వాలి. స్టేషన్‌లో కాగితాలన్నీ మరాఠీలో నడుస్తాయి. మరాఠీ మాట్లాడగలిగీ చదవలేని తెలుగు కార్మికులు, ముఖ్యంగా ఆడవాళ్ళు, ఎంతోమంది. జబాబ్ (వాంగ్మూలం) అని ముందు పెట్టిన కాగితంలో ఏం రాశారో చదివి వినిపించమని అడగడం హక్కు. తెలుగులో కారణాలు ఇవ్వమని అడగడానికి ఇప్పుడు సుప్రీంకోర్టు మాటే ఆధారం.

కోర్టులో ఏ తలుపు?

నా దృష్టిలో ఇదే కీలకం. 20,000 రూపాయల విలువ దాటని దొంగతనం కేసులను, 303(2) అయినా 305 అయినా, మేజిస్ట్రేటు సంక్షిప్తంగా విచారిస్తారు. అలా విచారించినప్పుడు మూడు నెలలకు మించి జైలు వేయడానికి లేదు. ఇక్కడే మనిషికి ఆశ పుడుతుంది. ఒప్పేసుకుంటే ఈ రోజుతో అయిపోతుంది, కొంచెం జరిమానా, రేపు డ్యూటీకి వెళ్ళిపోవచ్చు. తోటి ఖైదీ చెబుతాడు, తెలిసినవాళ్ళు చెబుతారు, ఒక్కోసారి వకీలూ చెబుతాడు.

కానీ నేరం ఒప్పుకుంటే వచ్చేది దోషి అన్న తీర్పు. సమాజ సేవ కూడా దోషిగా తేలాకే పడుతుంది, మినహాయింపు మాటల్లోనే అది ఉంది. గుడి ముందు చీపురు పట్టినా, ఆసుపత్రిలో వారం రోజులు సాయపడినా, రికార్డులో పడేది దొంగతనం కేసులో దోషి అనే.

ఇంతకంటే మేలైన తలుపులు ఉన్నాయి. 303(2) కింద దొంగతనాన్ని సొత్తు యజమానితో రాజీ చేసుకోవచ్చు. రాజీ నమోదైతే దాని ఫలితం నిర్దోషిగా విడుదలైనట్టే. పెద్ద చైన్ దుకాణం అయితే సొత్తు యజమాని కంపెనీ కాబట్టి, స్థానిక మేనేజరు సంతకంతో పాటు అతనికి ఆ అధికారం ఇచ్చిన కాగితం కూడా ఉండేలా చూసుకోవాలి. 305 రాజీ చేసుకోదగ్గ నేరాల జాబితాలో లేదు. అక్కడ ఇరుపక్షాలూ ఒప్పుకున్నా కేసు కొట్టేయించుకోవడానికి హైకోర్టు నాగపూర్ బెంచికి వెళ్ళాలి. మొదట పడ్డ సెక్షన్ అంకె ఇక్కడికి వచ్చేసరికి ఎంత ఖరీదైందో చూడండి.

రాజీ కుదరకపోతే 1958 నాటి ప్రొబేషన్ చట్టం ఉంది. దాని సెక్షన్ 3 పాత 379, 380, 381 సెక్షన్లను పేరుపెట్టి మరీ చెబుతోంది. ముందు శిక్ష పడని మనిషిని కోర్టు మందలించి వదిలేయవచ్చు. సెక్షన్ 4 ప్రకారం సత్ప్రవర్తన బాండు మీద విడిచిపెట్టవచ్చు. సెక్షన్ 12 ప్రకారం, ఇలా విడుదలైన మనిషికి దోషిగా తేలడం వల్ల అంటుకునే అనర్హత వర్తించదు. సమాజ సేవకు తోడుగా ఇలాంటి సెక్షన్ 12 ఏదీ లేదు. కాబట్టి కొలువున్న మనిషికి, కొలువు వెతుక్కుంటున్న యువకుడికి, 2023లో వచ్చిన తేలిక శిక్ష కన్నా 1958 నాటి మందలింపే మేలు. ఈ మాట చాలామందికి విడ్డూరంగా తోస్తుంది గానీ, రెండు చట్టాల పాఠం పక్కపక్కన పెడితే మరో అర్థం రావడం లేదు.

విచారణకే వెళ్ళాల్సి వస్తే సీసీటీవీ మీద ఆధారపడ్డ కేసులో సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం ఉందా లేదా అన్నది చూడాలి. ఫోన్‌లో తీసుకున్న వీడియో క్లిప్పు చూపిస్తే సరిపోదు.

కొలువు దగ్గర

ప్రభుత్వ ఉద్యోగికి రాజ్యాంగం 311 అధికరణ రక్షణ ఇస్తుంది, విచారణ లేకుండా తొలగించకూడదు. కానీ క్రిమినల్ కేసులో దోషిగా తేలిన ప్రవర్తన మీద తొలగిస్తే ఆ విచారణ అక్కర్లేదని అదే అధికరణ చెబుతోంది. 48 గంటలు మించి కస్టడీలో ఉన్న ఉద్యోగి సస్పెండైనట్టే లెక్క. కేంద్ర నియమాలూ, మహారాష్ట్ర సివిల్ సర్వీసుల 1979 నియమాలూ ఇదే చెబుతాయి. ఎన్‌సీ కేసుకూ లాకప్ కేసుకూ ఉన్న తేడా ఇక్కడ జీతంలో తెలుస్తుంది.

ఢిల్లీ పాల సరఫరా పథకంలో ఒక క్యాషు గుమాస్తా కేసు దీన్ని దగ్గరగా చూపిస్తుంది. అరవయ్యో దశకం మొదట్లో అతని మీద 500 రూపాయలు వాడుకున్నాడన్న అభియోగం వచ్చింది. డబ్బు తిరిగి కట్టాడు, నేరం ఒప్పుకున్నాడు. ఇంట్లో వరుసగా వచ్చిపడ్డ కష్టాలు చూసి మేజిస్ట్రేటు జైలుకు పంపకుండా ప్రొబేషన్ మీద వదిలారు. ప్రభుత్వం మాత్రం దోషిగా తేలాడు కాబట్టి ఉద్యోగం లేదంది. ఆ కేసు 1985లో సుప్రీంకోర్టులో ముగిసింది. సెక్షన్ 12 తొలగింపును ఆపదని, ఉద్యోగం నుంచి తీసేయడం అనర్హత కిందికి రాదని కోర్టు చెప్పింది. అయినా తొలగించే అధికారం ఉందని ప్రతి చిన్న తప్పుకూ తొలగించడం న్యాయం కాదని, శిక్ష తప్పుకు తగ్గట్టు ఉండాలని అతన్ని పాత జీతంతో సహా తిరిగి తీసుకోమంది. అయిదు వందల రూపాయలకు మనిషి రెండు దశాబ్దాలకు పైగా కోర్టుల చుట్టూ తిరిగాడు. గెలిచాడనడానికి మాటలు రావు.

1996లో హర్యానా నుంచి వచ్చిన మరో కేసులో, ఒక చిరుద్యోగి దొంగతనం కాని ఓ చిన్న నేరాన్ని సంక్షిప్త విచారణలో ఒప్పుకుని 20 రూపాయల జరిమానా కట్టాడు. ఆ కారణంతోనే ఉద్యోగం పోయింది. సుప్రీంకోర్టు అతని పక్షాన తీర్పిచ్చి, చిన్న జరిమానాలతో ముగిసే కేసులు ఉద్యోగాలకు అడ్డం కాకుండా పార్లమెంటు చట్టం చేయాలని సూచించింది. దొంగతనాన్ని మాత్రం కోర్టులు మామూలుగా నైతిక పతనం ఉన్న నేరంగానే చూస్తాయి కాబట్టి ఆ తీర్పును దుకాణం కేసుకు నేరుగా అన్వయించుకోకూడదు.

కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్ళకు ఫారమే గండం. ఎప్పుడైనా అరెస్టయ్యారా, కేసు నడిచిందా, నిర్బంధంలో ఉంచారా, కోర్టు జరిమానా వేసిందా, దోషిగా తేల్చిందా అని కేంద్ర ప్రభుత్వ ధ్రువీకరణ పత్రం వరసగా అడుగుతుంది. 2016లో ముగ్గురు న్యాయమూర్తుల అవతార్ సింగ్ తీర్పు ఇక్కడ దారి చూపిస్తుంది. అడిగిన సంగతి దాచకూడదు, అడగనిది చెప్పలేదని శిక్షించకూడదు. చిన్నతనంలో జరిగిన అల్పమైన నేరాన్ని దాచినా యజమాని క్షమించవచ్చు. నిజం చెప్పినంత మాత్రాన తప్పక ఉద్యోగం ఇవ్వాలనీ లేదు. అంతకుముందు 2011లో ఢిల్లీ పోలీసు ఉద్యోగం కేసులో సుప్రీంకోర్టు ఒక యువకుడు దాచిన పాత కేసును క్షమిస్తూ, విక్టర్ హ్యూగో నవలలో రొట్టె దొంగిలించి జీవితాంతం దొంగగా మిగిలిన జీన్ వాల్‌జీన్‌ను గుర్తు చేసింది. తీర్పులన్నీ కలిపి చదివితే తేలేది, పాత తప్పు కన్నా దాన్ని దాచడమే ఎక్కువ ఉద్యోగాలు పోగొడుతోందని.

బొగ్గు, సిమెంటు, కాగితం కార్మికులకు స్టాండింగ్ ఆర్డర్లే నియమావళి. నమూనా స్టాండింగ్ ఆర్డర్లు దుష్ప్రవర్తనగా చెప్పేది యజమాని వ్యాపారానికి, సొత్తుకు సంబంధించిన దొంగతనాన్ని. ప్లాంటు నుంచి రాగి తీగ తీసుకెళ్తే అది నేరుగా అందులోకి వస్తుంది, పైగా సంహితలో సెక్షన్ 306 కింద ఏడేళ్ళు. ఊళ్ళో మార్ట్‌లో సబ్బు తీసుకోవడం అలా కాదు. ఆవరణ బయట, పనితో సంబంధం లేని ప్రవర్తనను స్టాండింగ్ ఆర్డర్లలో లేని దుష్ప్రవర్తనగా మార్చడానికి లేదని 1983లో గ్లాక్సో కేసులో సుప్రీంకోర్టు అంది. అయితే దోషిగా తేలడాన్నే దుష్ప్రవర్తనగా చెప్పే నియమాలూ ఉంటాయి. అందుకే తన కంపెనీ ధ్రువీకృత ఆర్డర్లలో ఏముందో ప్రతి కార్మికుడూ చూసుకోవాలి. గ్రాట్యుటీ గురించి ఈ జిల్లాలో భయం ఎక్కువైంది. 2025 ఫిబ్రవరిలో వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ కేసులో, నైతిక పతనం కారణంగా గ్రాట్యుటీ ఆపడానికి కోర్టులో దోషిగా తేలాల్సిన అవసరం లేదని సుప్రీంకోర్టు చెప్పడమే దానికి కారణం. కానీ అలా ఆపాలంటే ఆ పని ఉద్యోగ విధుల్లో భాగంగా జరిగి ఉండాలని గ్రాట్యుటీ చట్టంలోనే ఉంది. సెలవు రోజున మార్ట్‌లో జరిగింది దాని కిందికి రాదు.

ఈ రక్షణలన్నీ పర్మినెంటు ఉద్యోగికి. కాంట్రాక్టు కార్మికుడి దగ్గరికి వచ్చేసరికి చట్టం పలచబడుతుంది. అతన్ని తొలగించనక్కర్లేదు, గేట్‌పాస్ మళ్ళీ ఇవ్వకపోతే చాలు. చార్జిషీటు లేదు, విచారణ లేదు, కారణం రాసిన కాగితం లేదు. మరాఠీలో చారిత్ర్య పడతాళణీ అనే పోలీసు ధ్రువపత్రంలో ఒక్క వాక్యం పడితే కాంట్రాక్టరు ఇంకొకరిని చూసుకుంటాడు. అందరికంటే తక్కువ జీతం వచ్చే మనిషికే అన్నిటికంటే పెద్ద శిక్ష పడుతోంది. ఈ అన్యాయం నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలచివేస్తోంది.

బయటి ప్రపంచం నుంచి

నేరచరిత్ర ఉద్యోగాన్ని ఎంత దెబ్బతీస్తుందో కొలిచిన వాటిలో డెవా పేజర్ 2003లో ప్రచురించిన అమెరికా మిల్వాకీ అధ్యయనం ప్రసిద్ధం. ఒకే అర్హతలున్న తెల్లజాతి యువకుల్లో రికార్డు లేనివారికి 34 శాతం, ఉన్నవారికి 17 శాతం పిలుపులు వచ్చాయి. నల్లజాతివారిలో అవి 14, 5 శాతం. అక్కడ చూపించినది మాదకద్రవ్యాల నేరం, దొంగతనం కాదు. మనకు అన్వయించేటప్పుడు ఆ తేడా గుర్తుంచుకోవాలి. అగన్, డోలియాక్, హార్వీ అనే పరిశోధకులు బోస్టన్ ఉన్న సఫోక్ కౌంటీ కేసులు పరిశీలించారు. హింస లేని చిన్న నేరాల్లో, కేసు నడపాలా వద్దా అన్న ఊగిసలాటలో ఉన్నవాటిని నడపకుండా వదిలేస్తే, తర్వాతి రెండేళ్ళలో ఆ మనుషులపై కొత్త కేసులు పడే అవకాశం 53 శాతం తగ్గిందని తేల్చారు. మళ్ళీ నేరం చేయనివాళ్ళు ఆరేడేళ్ళు గడిచేసరికి మామూలు మనుషులకు దాదాపు సమానమవుతారని 2006 నాటి మరో అమెరికా అధ్యయనం చూపింది. మన కోర్టుల తీరు, పోలీసుల తీరు వేరు కాబట్టి ఆ అంకెలను ఇక్కడికి యథాతథంగా తెచ్చుకోలేం. అవి చూపే దిశను మాత్రం తోసిపుచ్చలేం.

విదేశాల్లో ఉన్న మనవాళ్ళకు ముప్పు మరింత పెద్దది. 2024 మార్చిలో న్యూజెర్సీలోని ఒక దుకాణంలో ఇద్దరు తెలుగు విద్యార్థినులను ఇలాంటి ఆరోపణ మీద అదుపులోకి తీసుకున్న వార్త రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మారుమోగింది. దొంగతనం లాంటి నేరాలకు వీసా రద్దు కావచ్చని, మళ్ళీ దొరక్కపోవచ్చని 2025 జులైలో ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయం హెచ్చరించింది. అదే ఏడాది జనవరి 29న వచ్చిన లేకెన్ రైలీ చట్టం సరైన వలస హోదా లేనివారి విషయంలో షాప్‌లిఫ్టింగ్‌ను పేరుపెట్టి చెప్పింది. అరెస్టు చాలు, నిర్బంధం తప్పదు. గల్ఫ్‌కు వెళ్దామనుకునేవాళ్ళకు ఇక్కడే అడ్డం రావచ్చు, ఎందుకంటే కోర్టులో కేసు నడుస్తుండగా పాస్‌పోర్టు నిరాకరించే అధికారం 1967 చట్టం ఇస్తోంది. అలాంటప్పుడు ఆ కోర్టు అనుమతి తెచ్చుకోవాలి.

ఇంగ్లండ్‌లో 1974 నుంచి పునరావాస చట్టం ఉంది. జరిమానాతో ముగిసిన కేసు ఏడాది గడిస్తే మామూలు ఉద్యోగాలకు చెప్పనక్కర్లేదు. మన దగ్గర అలాంటి ఏర్పాటు పిల్లలకే ఉంది. 2015 జువెనైల్ చట్టం సెక్షన్ 24 ప్రకారం పదిహేడేళ్ళ కుర్రాడికి దోషిగా తేలడం వల్ల వచ్చే అనర్హత అంటదు. పద్దెనిమిది నిండిన మర్నాడు అదే దుకాణంలో అదే చాక్లెట్ డబ్బా తీసుకుంటే అంటుతుంది. 303(2) మినహాయింపు కింద సమాజ సేవ పూర్తిచేసిన మనిషికి ఏ ఉద్యోగ అనర్హతా వర్తించదన్న ఒక్క వాక్యం చేర్చితే, 1996లో సుప్రీంకోర్టు పార్లమెంటును అడిగిన దానిలో కొంతైనా నెరవేరుతుంది. దుకాణాలకు దానివల్ల నష్టం లేదు, సరుకు ఎలాగూ వెనక్కి వస్తుంది.

ఆ వాక్యం వచ్చేదాకా చేయగలిగింది కోర్టులోనే. 1987 న్యాయ సేవల చట్టం సెక్షన్ 12 ఉచిత వకీలును పొందే అర్హత మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి ఇచ్చింది. పారిశ్రామిక కార్మికుణ్ణి కూడా అందులో పేరుపెట్టి చేర్చింది. గని, మిల్లు, ప్లాంటు కార్మికులు ఆదాయం ఎంతన్న ప్రశ్న లేకుండా ఆ జాబితాలో ఉన్నారు. చంద్రాపూర్ జిల్లా న్యాయ సేవల ప్రాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు, 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. మొదటి వాయిదాలో నేరం ఒప్పుకునే ముందే ఆ వకీలుతో మాట్లాడాలి. సెక్షన్ 303దా, 305దా, దుకాణం రాజీకి సిద్ధమేనా, అది కాకపోతే ప్రొబేషన్ చట్టం సెక్షన్ 3 కింద మందలింపు కోరుతున్నారా అన్నవి మేజిస్ట్రేటు ముందు నోరు తెరవకముందే తేలిపోయి ఉండాలి.